పదార్థ విజ్ఞానం, మతాల అధ్యయనం కలిపి చేసే వృత్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఇలాంటి ఉద్యోగం ఉంటుందా?

ఈ పేరుతో ప్రకటన వెతికితే దొరకదు. పని మాత్రం ఉంది, వేరే పేర్లతో ఉంది. మ్యూజియంలో కన్జర్వేషన్ సైంటిస్టు, విశ్వవిద్యాలయంలో ఆర్కియోమెట్రీ (పురావస్తువులను శాస్త్ర పద్ధతులతో కొలిచే విద్య) అధ్యాపకుడు, సింక్రోట్రాన్ (శక్తిమంతమైన ఎక్స్ కిరణాలు ఇచ్చే యంత్రం) కేంద్రంలో వారసత్వ వస్తువుల పరిశోధన చూసే శాస్త్రవేత్త, గ్రంథాలయంలో రాతప్రతుల సిరాలూ పార్చ్‌మెంట్లూ (రాతకు వాడే తోలు పత్రాలు) పరీక్షించే నిపుణురాలు: వీళ్ళ బల్ల మీదకు వచ్చే వస్తువుల్లో చాలా భాగం విగ్రహాలు, గంటలు, పవిత్ర గ్రంథాలు, అస్థికల పేటికలే. జీతం ఏదో ఒక విభాగం నుంచే వస్తుందని ముందే మనసులో పెట్టుకోవాలి.

రెండు చోట్లా పదవి ఉన్నవాళ్ళు అరుదు, కానీ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో లోహశాస్త్రం పనులు నడిపిన సిరిల్ స్టాన్లీ స్మిత్ 1961లో ఎంఐటీకి వచ్చినప్పుడు లోహశాస్త్ర విభాగంలోనూ హ్యుమానిటీస్‌లోనూ కలిపి నియమితులయ్యారు. అదే సంస్థలో హెదర్ లెక్ట్‌మన్ భౌతికశాస్త్రం చదివి, కళాచరిత్ర, పురావస్తు శాస్త్రాల మీదుగా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతపు ప్రాచీన లోహవిద్యకు వచ్చారు. ఆవిడ పని గురించి కింద మళ్ళీ వస్తుంది.

రెండిటినీ కలపకుండా, విడివిడిగా నడపకూడదా? పగలు బ్యాటరీలు, సాయంత్రం మతగ్రంథాలు?

నడపవచ్చు, చాలామంది నడుపుతున్నారు. కాకపోతే రెండో రంగంలో మీ రాతను అక్కడివాళ్ళ కొలతలతోనే తూస్తారు. మొదటి రంగంలో ఎన్ని పేటెంట్లున్నా అక్కడ పనికిరావు. మూలభాషలో చదవకుండా అనువాదాల మీద ఆధారపడి రాసిన వ్యాసం సమీక్షకుల దగ్గరే ఆగిపోతుంది. విడిదారి ఎంచుకుంటే ఒకే సంప్రదాయం, ఒకే కాలం, ఒకే గ్రంథవర్గం పట్టుకోండి. "మతమూ సైన్సూ" అనే విశాలమైన అంశం మీద రాయాలన్న కోరిక ఇంజనీర్లకు సహజంగా వస్తుంది, కానీ అది ఇప్పటికే కిక్కిరిసిన చోటు.

కలిపే దారిలో లాభం ఏమిటంటే, ప్రయోగశాలలో మీరు చేసే పనే మతాధ్యయనానికి కొత్త ఆధారం అవుతుంది. ఈ పేజీలో మిగతాదంతా ఆ దారి గురించే.

ఏది ముందు చదవాలి?

మా అభిప్రాయంలో పదార్థ విజ్ఞానమే ముందు. గ్రంథాలు చదవడం నలభై ఏళ్ళకు మొదలుపెట్టినా పట్టుబడుతుంది. ఫేజ్ డయాగ్రాములు (ఏ ఉష్ణోగ్రతలో మిశ్రమం ఏ రూపంలో ఉంటుందో చూపే పటాలు), స్ఫటికశాస్త్రం, తుప్పు రసాయనం, సూక్ష్మదర్శిని కింద లోహాన్ని చదివే అలవాటు మాత్రం పక్కన పరికరాలూ, తప్పు దిద్దే పెద్దలూ ఉన్న వయసులోనే సులువు. డిగ్రీ స్థాయిలో మిశ్రమ లోహాలు, సిరామిక్స్, పాలిమర్లు మూడూ తాకి ఉండాలి. విగ్రహం కంచుది కావచ్చు, లోపలి మట్టిదిమ్మ సిరామిక్, పైన పూసినది నూనె.

తర్వాత మతాధ్యయనంలో మాస్టర్స్ చేయండి. అందులో మూడు వదలకూడదు: పద్ధతులూ సిద్ధాంతాల కోర్సు, ఒక సంప్రదాయంలో లోతైన చదువు, ఒక మూలభాషలో కనీసం రెండేళ్ళ పఠనం. ఒక సెమిస్టరు క్షేత్రపరిశోధన పద్ధతులు కూడా చదివితే, తర్వాత ఆలయంలోనో మఠంలోనో మనుషులతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు అక్కరకొస్తుంది.

భాష నిజంగా అవసరమా? నేను చూసేది లోహాన్ని కదా?

ఢిల్లీ ఇనుప స్తంభాన్నే తీసుకోండి. దాదాపు 7 మీటర్ల ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు. ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం అందులోని ఎక్కువ ఫాస్ఫరస్ వల్ల ఉపరితలంపై రక్షణ పొర ఎలా ఏర్పడిందో 2000లో వివరించారు. తుప్పు ఎందుకు పట్టలేదన్నది అక్కడితో తేలుతుంది. ఎవరు, ఎందుకు నిలబెట్టారన్నది దాని మీది సంస్కృత శాసనం చెబుతుంది: చంద్రుడనే రాజు నిలిపిన విష్ణుధ్వజం. అది మరో చోట నిలిపి తర్వాత ఇప్పుడున్న చోటికి తెచ్చినదన్న వాదన కూడా శాసనం మీదే ఆధారపడుతుంది. ఉన్న చోటు మారితే తేమ చరిత్ర మారుతుంది, తేమ చరిత్ర మారితే తుప్పు లెక్క మారుతుంది.

మంచి పరిశోధనా ప్రశ్న ఎలా ఉంటుంది?

"ఈ విగ్రహం దేనితో చేశారు?" అన్నది కొలత. ప్రశ్న అంతకు ముందే ఉండాలి.

లెక్ట్‌మన్ పని దీనికి చక్కని పాఠం. ఆండీస్ కళాకారులు బంగారం, వెండి, రాగి కలిపిన మిశ్రమాన్ని రేకుగా సాగగొట్టేవారు. కాల్చిన ప్రతిసారీ ఉపరితలంపై రాగి ఆక్సైడ్ అవుతుంది, దాన్ని ఆమ్లంతో తీసేస్తారు. ఇలా పదేపదే చేస్తే పైపొరలో రాగి తరిగి, బంగారం, వెండి పేరుకుంటాయి. వెండిని కూడా తొలగిస్తే రేకు పసిడి రంగుకు వస్తుంది. ఇంత శ్రమ ఎందుకు? పలుచని బంగారు పూత వేయడం వాళ్ళకు తెలియక కాదు. పెరూలోని లోమా నెగ్రాలో దొరికిన, మోచే అనే ప్రాచీన నాగరికతకు చెందిన వస్తువులపై అలాంటి పూతను గుర్తించింది కూడా ఆవిడే. పైకి కనబడే గుణం వస్తువు లోపల కూడా ఉండి తీరాలన్న భావన ఆ సాంకేతికతలో పనిచేసిందని ఆవిడ వాదించారు. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ వాదన మైక్రోగ్రాఫ్ (సూక్ష్మదర్శినితో తీసిన ఫొటో) లేకుండా పుట్టదు, మతం గురించి ఆలోచించకుండా కూడా పుట్టదు.

మరోటి: 2019లో ప్రచురితమైన పరిశోధనలో, జర్మనీలోని దాల్‌హైమ్ మఠంలో ఖననమైన ఒక మధ్యయుగపు స్త్రీ పంటి గారలో లాపిస్ లాజులి నీలి రేణువులు దొరికాయి. రామన్ స్పెక్ట్రం (లేజరు కాంతితో పదార్థాన్ని గుర్తించే కొలత) ఖనిజం పేరు చెప్పి ఊరుకుంటుంది. ఆ రంగు నోట్లోకి ఎలా వచ్చింది? గ్రంథాలకు రంగులు వేస్తూ కుంచె మొన నోటితో తడిపారా, రంగు నూరుతుంటే పొడి పీల్చారా, మందుగా తీసుకున్నారా, బొమ్మలున్న ప్రార్థన పుస్తకాన్ని భక్తితో ముద్దు పెట్టుకున్నారా? ఆ పరిశోధకులు ఈ అవకాశాలన్నీ విడివిడిగా పరిశీలించి, మొదటిదానికి ఎక్కువ బలం ఉందన్నారు. భక్తి ఆచారాలు తెలియనివాళ్ళకు ఆ చివరి అవకాశం తట్టదు, తట్టకపోతే దాన్ని తోసిపుచ్చడమూ కుదరదు.

ఏ పరికరాలు చేతికి రావాలి?

ఆప్టికల్ మైక్రోస్కోపు అన్నిటికన్నా ముందు. దీన్ని చిన్నచూపు చూసి నేరుగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు డెండ్రైట్లు (చెట్టుకొమ్మల ఆకారపు స్ఫటికాలు) చూసి పోత పోసిన లోహమని గుర్తుపట్టలేకపోతారు. తర్వాత మూలకాలను గుర్తించే ఈడీఎస్ ఉన్న ఎస్‌ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు), చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్ కిరణాలతో మూలకాలు కొలిచే పరికరం), రామన్, ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో సమ్మేళనాలు గుర్తించేది), ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో స్ఫటికాలు గుర్తించేది). సీసం ఐసోటోపులూ రేడియోకార్బన్‌లూ సాధారణంగా వేరే ప్రయోగశాలకు పంపుతారు. వాటి నివేదిక చదివి తప్పుపట్టగలిగితే చాలు.

రామన్‌లో ఒక హెచ్చరిక. లేజరు శక్తిని 1 మిల్లీవాట్ లోపు మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్ళండి. సీసం రంగులు వేడికి మారిపోతాయి. గోథైట్ హెమటైట్ అయిపోతుంది. అప్పుడు పసుపు రంగు వాడిన చోట మీ స్పెక్ట్రం ఎరుపు చూపిస్తుంది, మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. పాత వార్నిష్ లేజరు తగిలి వెలువరించే వెలుగు (ఫ్లోరసెన్స్) సంకేతాన్ని ముంచేస్తే 532 బదులు 785 నానోమీటర్ల లేజరు వాడి చూడండి.

చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ అంకెలు ఎందుకు తప్పుతాయి?

ఈ రంగంలో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే, అందుకే కాస్త వివరంగా.

ఇది రాగి మిశ్రమంలో కొన్ని పదుల మైక్రాన్ల లోతు మాత్రమే చూస్తుంది. చిలుము పట్టిన కంచు ఉపరితలంలో రాగి కరిగిపోయి తగరం పేరుకుని ఉంటుంది. లోపల 8 శాతం తగరం ఉన్న వస్తువు పైన 20 శాతానికి మించి చూపించినా ఆశ్చర్యం లేదు. సీసం రాగిలో కరగదు, విడి బిందువులుగా ఉంటుంది, కాబట్టి చోటు మారితే అంకె మారుతుంది. పైన చెప్పిన ఆండీస్ రేకును దీనితో కొలిస్తే బంగారం వస్తువని పొరబడతారు. నూనె, మసి, మైనం పొరలు తేలిక మూలకాల సంకేతాన్ని మింగేస్తాయి. అసలు సోడియం, అంతకన్నా తేలిక మూలకాలు ఈ పరికరానికి ఆనవు.

రేఖల అతివ్యాప్తి (రెండు మూలకాల సంకేతాలు దాదాపు ఒకే చోట పడటం) ఇంకో ఉచ్చు. ఆర్సెనిక్ కె-ఆల్ఫా 10.54 కిలోఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, సీసం ఎల్-ఆల్ఫా 10.55 దగ్గర ఉంటాయి. సీసం ఉన్న ప్రతి వస్తువులోనూ సాఫ్ట్‌వేర్ ఆర్సెనిక్ ఉందని చెప్పగలదు. 11.7 దగ్గర ఆర్సెనిక్ కె-బీటా, 12.6 దగ్గర సీసం ఎల్-బీటా కళ్ళతో చూడకుండా రాయకండి.

కనీస క్రమశిక్షణ ఇది: ఒక్కో వస్తువు మీద కనీసం ఐదు చోట్లు, ఒక్కో చోట 60 నుంచి 120 సెకన్లు, ప్రతి పూట మొదటా చివరా తెలిసిన ప్రమాణ నమూనాలు. చారిత్రక రాగి మిశ్రమాల కోసమే తయారైన కాపర్ చార్మ్ సెట్ దొరికితే వాడండి. ఫలితాలతో పాటు స్పెక్ట్రాలు కూడా భద్రపరచండి. పట్టిక ఒక్కటే ఉంటే తర్వాత ఎవరూ సరిచూడలేరు.

నమూనా తీయక తప్పకపోతే?

కంచుకు 1 మిల్లీమీటరు డ్రిల్ బిట్, పీఠం అడుగున లేదా ఇదివరకే విరిగిన అంచున. మొదట వచ్చే పొడి చిలుము కలిసి ఉంటుంది, పారేయండి. మెరిసే లోహం రావడం మొదలయ్యాక 20 నుంచి 30 మిల్లీగ్రాములు చాలు. సూక్ష్మనిర్మాణం కావాలంటే 2 మిల్లీమీటర్ల ముక్క ఎపాక్సీలో పోసి, 1200 గ్రిట్ వరకు అరగదీసి, 6, 3, 1 మైక్రాన్ వజ్రపు పేస్టుతో మెరుగుపెట్టండి. ముందు ఎచింగ్ (నిర్మాణం కనబడేలా రసాయనంతో తినిపించడం) లేకుండా ఫొటో తీయండి. సీసం బిందువులూ తుప్పూ అప్పుడే స్పష్టంగా కనబడతాయి. ఆ తర్వాతే ఆల్కహాల్‌లో ఫెర్రిక్ క్లోరైడ్.

మిగిలిన ముక్క ఎవరిది? ఇది అనుమతిపత్రంలో రాసి ఉండాలి. కొన్ని సంప్రదాయాల్లో విగ్రహపు పొడి కూడా విగ్రహమే, తిరిగి ఇవ్వమంటారు.

రేడియోకార్బన్‌తో కాలం తేల్చేయవచ్చా?

సేంద్రియ పదార్థం చనిపోయిన కాలం తేలుతుంది. రాసిన కాలం, పూజించిన కాలం కాదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని ఖురాన్ పత్రాలకు 2015లో ప్రకటించిన తేదీ 95.4 శాతం సంభావ్యతతో క్రీ.శ. 568 నుంచి 645. అది జంతువు తోలుకు వచ్చిన తేదీ. సిరా ఎప్పటిదన్నది లిపిశాస్త్రం, పాఠచరిత్ర కలిసి మాట్లాడాల్సిన విషయం.

యేసు మృతదేహానికి కప్పినదని చాలామంది నమ్మే టురిన్ వస్త్రం మరో రకం పాఠం. మొదట ఏడు ప్రయోగశాలలతో అనుకున్న ప్రణాళిక మూడింటికి తగ్గింది: అరిజోనా, ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్. 1988 పరీక్షల్లో క్రీ.శ. 1260 నుంచి 1390 మధ్యని వచ్చింది. మూడూ ఏకీభవించినా వివాదం సద్దుమణగలేదు, కారణాల్లో ఒకటి నమూనా ఒకే మూల నుంచి రావడం. తేదీని నమ్మేవాళ్ళలో కూడా ఆ ప్రణాళికను మెచ్చుకోనివాళ్ళున్నారు. వేర్వేరు చోట్ల నుంచి రెండో నమూనా అడగడం ఎంత కష్టమైనా ముందే అడగాలి.

కలుషితాలు రెండు వైపులా లాగుతాయి. కొత్త జిగురు వస్తువు వయసును తక్కువ చూపిస్తుంది. పారఫిన్, పెట్రోలియం నూనె ఎక్కువ చూపిస్తాయి. అలాంటి కార్బన్ 1 శాతం మిగిలితే దాదాపు 80 ఏళ్ళు ఎక్కువ కనబడుతుంది. దీపాలూ ధూపమూ నిత్యం తగిలిన చెక్కకు ప్రయోగశాలకు చరిత్రంతా రాసి పంపండి, లేకపోతే వాళ్ళు మామూలు ఆమ్ల-క్షార శుద్ధితో సరిపెడతారు. 1650 తర్వాతి వస్తువులకు కాలిబ్రేషన్ వక్రరేఖ (రేడియోకార్బన్ కొలతను క్యాలెండరు ఏళ్ళకు మార్చే గీత) వంకరలు తిరగడం వల్ల ఒకటి బదులు మూడు నాలుగు కాలాలు వస్తాయి.

నకిలీలను పట్టుకోవడం ఈ పనిలో భాగమా?

భాగమే, చేదు భాగం. వాషింగ్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ద బైబిల్‌లో ఉన్న 16 మృతసముద్ర రాతప్రతుల (ప్రాచీన యూదు గ్రంథాల) ముక్కలన్నీ ఆధునిక నకిలీలేనని 2020లో తేలింది. పాత తోలు మీద ఇటీవల రాశారు. సిరా, అప్పటికే ఏర్పడిన పగుళ్ళలోకి దిగి ఉండడం సూక్ష్మదర్శిని కింద కనబడింది. పదార్థం పాతదైనంత మాత్రాన రాత పాతది కాదని గుర్తుంచుకుంటే, ప్రతి పొరకూ క్రమం వెతకడం అలవాటవుతుంది: ఏది దేని మీద ఉంది?

వ్యాపారులకు ప్రామాణికత పత్రాలు రాసివ్వకండి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పని వస్తువును పరీక్షించినా, దొంగ సొత్తుకు మీ పేరు విలువ పెంచుతుంది. సాంస్కృతిక సొత్తు అక్రమ రవాణాను ఆపే 1970 యునెస్కో ఒప్పందం తేదీని చాలా సంస్థలు గీతగా పెట్టుకున్నాయి.

పూజలో ఉన్న వస్తువుకు అనుమతి ఎలా అడగాలి?

ముందు ఎవరిని అడగాలో తెలుసుకోవాలి. చట్టప్రకారం యజమాని ఒకరు, ఆచారం ప్రకారం తాకే హక్కున్నవారు ఇంకొకరు, ఊరి మాట మరొకరిది. ఒకరి సంతకంతో వెళ్తే మిగతా ఇద్దరి దగ్గర ఆగుతుంది.

ఒక పేజీ కాగితం వాళ్ళ భాషలో ఇవ్వండి: ఏం తాకుతాం, ఎంతసేపు, ఏ వెలుతురు, ఏమైనా తీస్తామా, ఫొటోలు ఎవరు చూస్తారు, ఫలితం ముందు ఎవరికి చెబుతాం. శుద్ధి నియమాలేమిటో, ఏ రోజులు కుదరవో అడగండి. తోలు పట్టీ ఉన్న పరికర సంచీని లోపలికి తేకూడదనడం చాలా చోట్ల మామూలే.

సీటీ స్కాన్ విషయంలో ఇంకా ఆలోచించాలి. బౌద్ధ విగ్రహాల్లో ప్రతిష్ఠ సమయంలో ఉంచి మూసేసే వస్తువులుంటాయి. వాటిని విప్పకుండా చూడగలం కాబట్టి హాని లేదనిపిస్తుంది. కానీ మూయడంలో ఉద్దేశం చూడకూడదనే కావచ్చు. స్కాన్‌కు అనుమతీ, చిత్రం ప్రచురణకు అనుమతీ విడిగా తీసుకోండి.

ఫలితం నమ్మకానికి ఎదురుగా వస్తే?

దక్షిణ భారత లోహ విగ్రహాలను పంచలోహమని పిలుస్తారు. శారదా శ్రీనివాసన్ వంటి వారి విశ్లేషణల్లో అవి ప్రధానంగా సీసం కలిసిన కంచు, బంగారం, వెండి జాడ మాత్రంగానే ఉంటాయి. దీన్ని "మోసం బయటపడింది" అని రాసేవాళ్ళు రసాయనాన్ని కూడా అర్థం చేసుకోనట్టే. పోత సమయంలో చిటికెడు బంగారం వేయడం కర్మలో భాగమైతే, దాని లెక్క శాతాల్లో ఉండదు. నివేదికలో అంకె దాచకండి, అంకెకు వ్యంగ్యం చేర్చకండి. ప్రచురణకు ముందు వస్తువు కాపాడేవాళ్ళకు చదివి వినిపించండి. అభ్యంతరం చెబితే దాన్ని కూడా వ్యాసంలో నమోదు చేయవచ్చు.

నేను విశ్వాసిని అయి ఉండాలా? కాకూడదా?

రెండూ కుదురుతాయి. మతాధ్యయనంలో నినియన్ స్మార్ట్ ప్రతిపాదించిన పద్ధతిపరమైన అజ్ఞేయవాదం ఆచరణలో సరిపోతుంది: దైవం ఉందా లేదా అన్నది పక్కన పెట్టి, మనుషులు ఏం చేశారో చూడటం.

ఆరోగ్యానికి ప్రమాదాలేమిటి?

సీసం, పాదరసం, ఎక్స్ కిరణాలు అందరూ చెప్పేవే. తక్కువగా చెప్పేది పాత మ్యూజియం పురుగుమందు. తోలు, ఈకలు, చెక్కతో చేసిన పవిత్ర వస్తువులకు దశాబ్దాల పాటు ఆర్సెనిక్, పాదరసం సమ్మేళనాలు పట్టించారు. అమెరికాలో ఆదివాసీ తెగల పవిత్ర వస్తువులను వారికి తిరిగి ఇవ్వమనే 1990 నాటి నాగ్‌ప్రా చట్టం కింద తిరిగి వెళ్ళిన వస్తువుల్లో ఇది పెద్ద సమస్య అయింది. షోకేసులో ఉన్నంతకాలం పర్వాలేదు. ఆ తెగలవాళ్ళు వాటిని మళ్ళీ ముఖానికి తొడుక్కుని నాట్యం చేస్తారు. అప్పగించే ముందు నైట్రైల్ చేతి తొడుగులతో, ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో పరీక్షించి, ఎక్కడెక్కడ ఉందో పటం గీసి ఇవ్వడం మనలాంటివాళ్ళు చేయగల అత్యంత ఉపయోగకరమైన పని.

ఎక్కడ ప్రచురించాలి?

కొలతలు ఆర్కియోమెట్రీ, జర్నల్ ఆఫ్ ఆర్కియలాజికల్ సైన్స్, స్టడీస్ ఇన్ కన్జర్వేషన్ వంటి చోట్ల. వ్యాఖ్యానం 2005 నుంచి వస్తున్న మెటీరియల్ రెలిజియన్ వంటి చోట. ఒకే వ్యాసంలో రెండూ ఇరికిస్తే ఒక సమీక్షకుడు పట్టికలు తీసేయమంటాడు, మరొకడు ఆచారాల చర్చ తీసేయమంటాడు. జంట వ్యాసాలు రాసి, ఒకదాన్నొకటి ఉటంకించడం తేలిక.

రచయితల వరుస ముందే తేల్చుకోండి. శాస్త్రంలో ఎనిమిది పేర్లు మామూలు. మతాధ్యయనంలో పదోన్నతికి ఒంటరిగా రాసిన పుస్తకం అడుగుతారు. నియామక పత్రంలో మీ పనిని ఏ కొలతతో చూస్తారో రాయించుకోకపోతే, మూల్యాంకనం నాటికి రెండు విభాగాలూ "మిగతా సగం అవతలివాళ్ళు చూసుకుంటారు" అంటాయి.

పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్లు ఉండాలా?

ఉండాలి, ఒకరు ప్రధానంగా. ఇద్దరూ సమానమైతే అధ్యాయాలు రెండుసార్లు రాయాల్సొస్తుంది. మొదటి ఆరు నెలల్లో ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎన్ని వస్తువులు, ఎన్ని నమూనాలు, పరికర సమయం ఎవరి ఖాతాలో, భాషా పరీక్ష ఎప్పుడు అన్నవి కాగితం మీద పెట్టండి. వస్తువులకు అనుమతి రావడం ఏడాది దాటవచ్చు. మ్యూజియం నిల్వలో ఇప్పటికే నమూనాలు తీసి ఉన్న రెండో సమితి ఒకటి దగ్గర ఉంచుకోండి.

పరిశ్రమలో పదేళ్ళ అనుభవం ఉంది. ఇప్పుడు మారవచ్చా?

తుప్పు, వెల్డింగ్, ఫెయిల్యూర్ అనాలిసిస్ చేసినవాళ్ళకు ఇక్కడ గిరాకీ ఉంది. విరిగిన గంటను చూసి అలసట పగులా (పదేపదే దెబ్బలకు వచ్చినదా), పోత లోపమా అని చెప్పగలిగే మనిషి మ్యూజియాల్లో అంతగా దొరకరు. ఉద్యోగం మానకుండా మొదలుపెట్టండి: మొదటి ఏడాది భాష, రెండో ఏడాది సాయంత్రపు మాస్టర్స్ కోర్సులు, ఆ వేసవిలో ఏదైనా సంరక్షణ ప్రయోగశాలలో నాలుగు వారాల స్వచ్ఛంద పని. దరఖాస్తుకు జత చేయడానికి ఒక్క వస్తువు మీద పూర్తి నివేదిక తయారుచేసుకోండి. మైక్రోగ్రాఫులు, స్పెక్ట్రాలు, దోషాల అంచనా, వస్తువు వాడిన ఆచారంపై మూలగ్రంథాల నుంచి రెండు పేజీలు అందులో ఉండాలి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగేది ఆ రెండు పేజీల గురించే.